ఫెటిల్ అంటే

డిప్లొమా అయిన ఏడాది గుంటూరు దగ్గర ఒక నూలు మిల్లులో ట్రైనీగా చేరాను. ఇంగ్లండులో మూతపడ్డ మిల్లు నుంచి మా యజమాని ఒక పాత మిషను కొన్నారు. దాన్ని బిగించడానికి అరవై దాటిన ఇంగ్లీషు మెకానిక్కూ వచ్చాడు. ఆయన మాటలు తెలుగులో చెప్పడం నా పని.

"సరిగ్గా చెబితే ఉద్యోగం ఖాయం. లేదంటే మీ ఊరి బస్సెక్కు," అన్నారు యజమాని.

మొదటిరోజు దొర మిషను చుట్టూ తిరిగి, తుప్పు గోకి చూసి, చొక్కా చేతులు మడిచి ఏదో అన్నాడు. నాకు అందింది ఒకటే మాట: ఫేటల్.

"ఏమంటాడ్రా?"

"ప్రాణాంతకం అంటున్నాడండీ."

మిషను మీద చెయ్యేసి నిలబడ్డ ఫిట్టరు చటుక్కున చెయ్యి తీసేశాడు. "ఒరేయ్, ఇవతలికి రండ్రా!" అని మిగతావాళ్లనీ పిలిచాడు. దొర మాత్రం ఆ మిషను కిందే వెల్లకిలా పడుకుని ఈల వేస్తున్నాడు.

"చచ్చేవాడు ఈలేస్తాడంట్రా?" అన్నారు యజమాని.

ఆ మాట రాసివ్వమని దొరను అడిగాను. 'ఫెటిల్' అని రాశాడు. హమ్మయ్య, ఇది నేను చదివిందే. పోతపోసిన ఇనుముకు మిగిలిపోయిన అంచులు గీకెయ్యడాన్ని ఫెట్లింగ్ అంటారు.

"మిషను చెక్కుతాడటండీ."

"చెక్కడానికి అదేమన్నా దోసకాయేంట్రా?"

దొరకు విషయం అర్థమైనట్టుంది. లేచి, నడుముకున్న బెల్టు లాగి చూపించాడు. ఫిట్టరు పరుగున వెళ్లి మిషనుకు కొత్త బెల్టు తెచ్చాడు. దొర నెత్తి పట్టుకున్నాడు. తర్వాత నిదానంగా విడమరిచాడు. అది వాళ్ల ఉత్తరాది మాట. బాగుచెయ్యడం, సిద్ధం చెయ్యడం అని అర్థం. పాత ఇంగ్లీషులో నడికట్టుకు, అంటే నడుము పట్టీకి, ఉన్న పేరు నుంచి పుట్టింది. దాన్ని బిగించి పనికి సిద్ధపడటమే మొదటి భావమట.

ఇదంతా యజమానికి చెప్పాను.

"నడుం కట్టాడన్నమాట! ఆ ముక్క మనకీ ఉందిగా. మరి నీకెందుకు తెలీలేదు?"

"యాసండీ. లండన్లో అందరికీ తెలీకపోవచ్చు."

"అంటే వాళ్ల కనిగిరి నుంచి వచ్చాడు."

ఆ వారంలోనే మిషను తిరిగింది. నూలు తెగకుండా వచ్చింది. యజమాని నన్ను పిలిచారు.

"ఉద్యోగం ఖాయం చేశాన్రా. ఇకనుంచి ఫిట్టరు దగ్గర పని. దొరతో నేనే మాట్లాడుకుంటా."

మర్నాడు ఆయన దొరతో తెలుగులో, గట్టిగా మాట్లాడారు. దొర తన యాసలో అంతకన్నా గట్టిగా జవాబిచ్చాడు. ఇద్దరూ తలలూపుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు.