ఏడో గల్లీ వ్యోమనౌక

వినాయక చవితికి మూడు రోజుల ముందు మా మేనల్లుడు నర్సింగు బొంబాయి నుంచి ఫోన్ చేశాడు. "మామా, ఈసారి మా గల్లీల గణపతి ముందర వ్యోమనౌక దింపుతున్నం. మొన్న మనోడు పైనుంచి సముద్రంల దిగిండు చూడు, గట్ల. నువ్వొచ్చి మైకుల చెప్పాలె."

నేను హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మైకు అన్న మాట చెవిన పడగానే సంచీ సర్దుకున్నాను. నా బలహీనత నాకు తెలుసు.

హైదరాబాదులో మధ్యాహ్నం మూడింటి లోపే బండి. పండగ రోజుల్లో వెళ్లేవాళ్లు నెల ముందే బెర్తు చూసుకోవాలి. నాకు తత్కాల్‌లో పై బెర్తు దొరికింది. ఎదురుగా మక్తల్ దగ్గరి ఊరి మేస్త్రీ ఆంజనేయులు, అతని భార్య. ధారావి వైపు ఏదో పెద్ద బిల్డింగు పనికి పోతున్నారు. తాండూరు దాటాక వాళ్లు జొన్నరొట్టెలు విప్పి నాకూ ఒకటి పెట్టారు. బదులుగా నేను పాఠం మొదలుపెట్టాను.

మన వాయుసేన పైలట్ ఒకాయన అంతరిక్ష కేంద్రానికి వెళ్లి రెండు వారాలు దాటి అక్కడే ఉండి వచ్చాడనీ, తీసుకెళ్లిన నౌక ఒక ప్రైవేటు కంపెనీదనీ, మనలాగే ఇంకో రెండు దేశాలు కూడా అందులో సీట్లు కొనుక్కున్నాయనీ చెప్పాను. వాళ్లకు నాయకురాలు ఒక పెద్దావిడ. గతంలో తమ దేశ సర్కారు తరఫున ఎన్నోసార్లు పైకి వెళ్లి, ఇప్పుడు కంపెనీ తరఫున వెళ్లింది.

"అంటే కిరాయి జీపు లెక్క" అన్నాడు ఆంజనేయులు.

"అంతే."

"మరి ఆడ ఇండ్లు కట్టుడు షురూ అయితే ఒక మాట చెప్పుండ్రి సార్. పాలమూరోళ్లు లేకుంటే చంద్రుని మీద గూడ గోడ లేవది."

"ముందుగాల ఈడ స్లాబు పడనియ్యి" అంది భార్య, రొట్టె విరుస్తూ.

నేను ఊరుకోలేదు. ఆ ప్రయాణం ఎన్నిసార్లు వాయిదా పడిందో వర్ణించాను. ఒకసారి గాలి, ఒకసారి రాకెట్టులో లీకు, ఇంకోసారి పైన కేంద్రంలోనే లీకు. "పెళ్లి ముహూర్తం కూడా అన్నిసార్లు మారదు" అని నవ్వాను. మర్యాదకు వాళ్లూ నవ్వారు.

లోనావాలా దాటాక కొండల ఘాటు దిగే ముందు బండి ఆగింది. బ్రేకులు పరీక్షించడానికట. కొంచెం దిగి మళ్లీ ఆగింది. లోకల్ రైళ్లలో రద్దీ మొదలైపోతుందని విసుక్కున్నాను.

తెల్లవారుజామున దాదర్‌లో దిగాను. అక్కడి నుంచి స్లో లోకల్లో గ్రాంట్ రోడ్‌కు టికెట్టు ఒక చాయ్ ధరకు మించదు. స్టేషన్ దగ్గర లాడ్జీలున్నాయి. నాకు ఆ అవసరం లేదు, ఫోరస్ రోడ్ దాటి కామాటిపుర ఏడో గల్లీలోకి తిరిగితే మా చెల్లెలు బాలమణి ఉండే చాల్. మూడో అంతస్తులో ఒక్క గది, ముందు అందరికీ కలిపి పొడవాటి గ్యాలరీ.

గల్లీలో అడుగుపెట్టగానే నిలబడిపోయాను. వెదురు బద్దలతో అల్లి, వెండి రంగు గుడ్డ కప్పిన నౌక. దాని మీద పాత చీరలతో కుట్టిన మూడు పారాచూట్లు. కింద నీలం గుడ్డ సముద్రం, ఆ ఒడ్డున గణపతి పీట. మూడో అంతస్తు దూలానికి కప్పి బిగించి, తాడు మీద నౌకను దించుతారట. లోపల నర్సింగు కూతురు, మూడో తరగతి చదివే సాక్షి, చెయ్యి ఊపుతూ దిగుతుందట. పగలంతా పనులు చేసుకుని రాత్రుళ్లు కట్టిన ఆ కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

పొద్దున చాయ్ తాగుతూ సాక్షికి అంతా చెప్పాను. మన దేశం సొంతంగా మనుషులను పంపబోతోందనీ, ఈమధ్యే ఎవరూ లేని నమూనాను హెలికాప్టర్ నుంచి వదిలి పారాచూట్లు విచ్చుకుంటాయో లేదో చూశారనీ, మనుషులకంటే ముందు ఖాళీ నౌక వెళ్తుందనీ, అందులో ఆడమనిషి రూపంలో చేసిన యంత్రం కూర్చుంటుందనీ చెప్పాను. పిల్ల రెప్ప వేయకుండా విన్నది.

ఆ తర్వాత పగలంతా నేనే పాడు చేశాను. నౌక మీది జెండా వంకరగా ఉందని విప్పించాను. అక్షరాలు మళ్లీ రాయించాను. నా ప్రసంగానికి మైకు సరిగ్గా ఎక్కడుండాలో మూడు చోట్ల పెట్టించి చూశాను. సాయంత్రం ఆరింటికి గల్లీ జనమంతా ముందస్తు ప్రదర్శనకు వచ్చి నిలబడ్డారు.

"మామా, ఇంక ఒక్కసారి గూడ దింపి చూడలే. ఇసుక గోనె పెట్టి చూద్దాం" అన్నాడు నర్సింగు.

"ఇది మండపం రా, రాకెట్టు కాదు. జనం ఎదురుచూస్తున్నారు. పిల్లను ఎక్కించు."

సాక్షి గ్యాలరీ కటకటాల పక్కన నౌకలో ఒక కాలు పెట్టింది. నా వైపు చూసింది. కాలు వెనక్కి తీసుకుంది.

"ఖాళీది మొదలు పోవాలె కదా తాతా? సకాళీ నువ్వే చెప్పినవ్."

సకాళీ అంటే మరాఠీలో పొద్దున. నాకు కోపం వచ్చింది, దాచను. "భయమా?" అన్నాను, అందరూ వినేటట్టు.

"భయం కాదు. గోనె పోయినంక నేను పోత."

నర్సింగు ఇంక నా మాట అడగలేదు. గోనె పెట్టి తాడు వదిలాడు. నౌక రెండో అంతస్తు దాకా చక్కగా దిగింది. చప్పట్లు మొదలయ్యాయి. అప్పుడే తాడు కప్పి చక్రం మీంచి జారి పక్కన ఇరుక్కుంది. నౌక ఒక్కసారి వంగి తలకిందులైంది. గోనె జారి, నీలం గుడ్డ అంచు దాటి బండల మీద పడి పగిలింది.

మా చెల్లెలు పిల్లను రెండు చేతులతో పొదువుకుని నన్నే చూస్తోంది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

కిందికి దిగి మైకు అందుకున్నాను. రాసుకొచ్చిన ప్రసంగం జేబులోనే ఉంది. "ప్రయోగం వాయిదా. తొందరపెట్టింది నేను. ఆపింది సాక్షి" అన్నాను.

"కిత్నే దిన్ కా వాయిదా, మాస్టర్‌జీ?" అని ఎవడో పైనుంచి అరిచాడు.

"ఎన్ని దినాలైతే ఏంది రా! పిల్ల ఇంట్లున్నది" అంది కింది అంతస్తు ముసలమ్మ.

ఆ రాత్రి గ్యాలరీలో చాప మీద పడుకుని, రైల్లో నేను నవ్విన ఆ వాయిదాలనే తలుచుకున్నాను. లోకమంతా చూస్తుండగా, ముహూర్తం దగ్గరపడ్డాక, ఈరోజు వద్దు అనగలిగినవాళ్లు ఎంత గట్టివాళ్లో! నాకు ఒక్క గల్లీ జనం ముందే ఆ మాట నోటికి రాలేదు.

చవితి రోజు నర్సింగు కప్పి మార్చి, రెండో తాడు కట్టాడు. సాయంత్రం కొత్త గోనె దిగింది. దానికి సాక్షి కళ్లు గీసి, బొట్టు పెట్టింది. మైకు కూడా ఆమెదే. సగం మరాఠీ, సగం తెలుగు. నా పుస్తకాల తెలుగుకంటే జనానికి అదే బాగా అర్థమైంది.

మర్నాడు మధ్యాహ్నం బండిలో తిరుగు ప్రయాణం. ఘాటు ఎక్కే ముందు కర్జత్‌లో ఆగింది. ఇక్కడ వడాపావ్ వేడిగా ఉంటుంది, వదులుకోకండి. పక్క సీటు కుర్రాడు గడియారం చూసుకుని తిట్టుకుంటున్నాడు. అంతలో సాక్షి ఫోన్.

"తాతా, గోనె ఇయ్యాల గూడ మంచిగ దిగింది. నాన్న ఇంకోసారి చూద్దామంటున్నడు."

"చూడనివ్వు."

"నువ్వేడున్నవ్?"

"కర్జత్‌లో, అమ్మా. బండి ఆగింది. ఘాటు ఎక్కడానికి వెనక ఇంకో ఇంజను తగిలిస్తున్నారు."

"మంచిగ తగిలించినంకనే పో" అంది.

సరే అన్నాను. ఇంకో వడాపావ్ తెచ్చుకుని పక్క కుర్రాడికి సగం ఇచ్చాను.