గోవిందు బస్సు, పెరుగు లేని విందు

గోవిందు ఉద్యోగం మానేసి నాలుగేళ్ళయింది గానీ, బస్సు మాత్రం ఇంకా దిగలేదు. తిరుపతి–పుత్తూరు బస్సులో ముప్ఫై ఒక్క ఏడాది కండక్టరుగా చేసిన మనిషి. ఆయనకు లోకమంతా బస్సే. మెడలో ఈల అట్లాగే వేలాడుతుంటుంది. స్నానానికి పోయేటప్పుడు కూడా తియ్యడని భార్య దేవకమ్మ వడమాలపేట అంతా చెప్పుకుని నవ్వుతుంది. అన్నం వడ్డిస్తుంటే చాలు అనడు, "హోల్డాన్" అంటాడు. ఇంకా కావాలంటే "రైట్ రైట్" అంటాడు.

చావింటికి పోయినా అంతే. పక్కవీధి కోమలి మొగుడు అమర్‌నాథ్ పోయిన రోజు గుమ్మంలో జనం కిక్కిరిసిపోతే, వెనకనుంచి గోవిందు గొంతు వినబడింది.

"లోపలికి జరగండప్పా, ముందర జాగా ఉండాది!"

అంత ఏడుపులోనూ కోమలికి నవ్వొచ్చినంత పనయింది. ఆ తర్వాత ఏడాది పాటు ఆమెకు నవ్వు రాలేదు.

అమర్‌నాథ్ రోజూ తెల్లారేసరికి ఊళ్ళో పాలు పోయించుకుని, బండికి క్యాన్లు కట్టుకుని కేంద్రానికి పోయేవాడు. ఒకరోజు మలుపులో లారీ వచ్చింది. కోమలి పరుగెత్తి వెళ్ళేసరికి రోడ్డంతా పాలు. అప్పటినుంచి పాలు, పెరుగు, నెయ్యి, ఏ వాసన తగిలినా ఆమెకు కడుపులో తిప్పేసేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారు? మొగుడు పోతే పాలమీద కోపమేంది అంటారు. ఇంకొకటి కూడా పోయింది. పండరి భజనలో ముందు నిలబడి పాట అందుకునే గొంతు ఆమెది. ఆ గొంతు మూసుకుపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఆరునెలలు చూసి, దేవకమ్మ ఒకనాడు ఆమె చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చి గోవిందు యోగా షెడ్డులో పడేసింది. షెడ్డంటే చెనక్కాయలు, అదే వేరుశనగకాయలు, నిల్వ చేసే రేకుల షెడ్డు. ఉద్యోగం మానేశాక నడుం నొప్పికి యోగా నేర్చుకున్న గోవిందు, తన నొప్పి తగ్గగానే ఊరి నొప్పులన్నీ తగ్గించడానికి బయలుదేరాడు. చాపలు రెండేసి చొప్పున, మధ్యలో దారి. ముందు మూడు వరసలూ ఆడవాళ్ళ సీట్లు. ఆరు దాటి ఒక్క నిమిషమైతే చాలు, వాకిట్లోనే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"బస్సు పోయింది. రేపు రాప్పా."

ఒక ఈల వేస్తే ఊపిరి బిగబట్టాలి. రెండు వేస్తే వదలాలి. శవాసనం పేరు లాస్టు స్టాపు. ముందుకు వంగలేక గంగులమ్మ ఆయాసపడుతుంటే పక్కకొచ్చి నిలబడేవాడు.

"కడుపు లోపలికి జరుపు గంగులమ్మా. ఇంకా జాగా ఉండాది."

"జాగా యాడుండాది సామీ? ఇది ఫుల్లయ్యి పదేండ్లాయ!"

అన్నిటికంటే వింత భ్రామరి. కళ్ళు మూసుకుని, చెవులు మూసుకుని, తుమ్మెదలా రొద చెయ్యాలని లోకమంతా చెబుతుంది. గోవిందుకు తుమ్మెదతో ఏం పని? "ఇంజన్ స్టార్ట్!" అనేవాడు. ముప్ఫైమంది ఒక్కసారిగా "మ్‌మ్‌మ్" అంటూ ఆగి ఉన్న బస్సులా గుర్రుమనేవాళ్ళు. దర్జీ నూర్ అహ్మద్ వెనక కూర్చుని హార్మోనియం మీద ఒకే స్వరం పట్టుకునేవాడు. నడుం నొప్పికని వచ్చి, వంగడం చాతకాక హార్మోనియంలో చేరిన మనిషి ఆయన.

మొదటి నెల కోమలి నోరు మూసుకునే కూర్చుంది. రెండో నెలలో గోవిందు పక్కకొచ్చాడు. "పాడమని ఎవురన్నా అడిగినారామ్మా? ఇంజన్ ఆడనిస్తే సాలు. బస్సు కదలకపోయినా పర్వాలేదు." ఇంజనే కదా అని కోమలి మెల్లగా గుర్రుమంది. గొంతులో ఏదో ముడి వదులైనట్టయింది. ఆ రోజు ఇంటికెళ్ళి కడుపునిండా తినింది, ఒక్కతే.

ఆ ఒక్కతే అన్నదే ఆమె బాధ. గంగులమ్మ కూతురి పెళ్ళిలో జరిగింది ఆమె మరిచిపోలేకపోయింది. పంక్తిలో కూర్చుని సగం తినేసరికి పెరుగు బకెట్టు వరసలోకి వచ్చింది. వాసన తగలగానే కోమలి ఆకు వదిలేసి లేచిపోయింది. మన వైపు పంక్తిలో పెరుగు రాకముందు లేవడమంటే పెట్టినవాళ్ళ మొహాన కొట్టినట్టే. గంగులమ్మ ముక్కున వేలేసుకుంది. "అబ్బో, మా ఇంటి పెరుగు పులిసిందా దానికి?" అని పదిమందిలో అనేసింది. అంతే, ఆ రోజునుంచి కోమలి ఎవరి ఇంట్లోనూ ఆకు ముందు కూర్చోలేదు.

సరిగ్గా ఆ పెళ్ళయిన రెండు వారాలకే గోవిందుకు కొత్త పిచ్చి పట్టింది.

"వచ్చే పున్నమికి షెడ్డులో మనందరికీ విందు," అని ఈల వేసి మరీ చెప్పాడు. "వీగన్ విందు. పాలు లేవు, పెరుగు లేదు, నెయ్యి లేదు."

షెడ్డంతా గగ్గోలెత్తింది.

"సంకటి గుంతలో నెయ్యి లేకుండా ఏం పోసుకోవాలప్పా?" అన్నాడు నూర్ అహ్మద్.

"చెనక్కాయ నూనె."

"పెరుగు లేకుండా లేసేదెట్ల?" అంది గంగులమ్మ.

"కాళ్ళతో."

"గోవిందన్నా, బిర్యానీ ఆశ పెట్టుకుని ఆర్నెల్లు హార్మోనియం వాయించినానే!"

"వాయించు. ఊపిరితిత్తులకు మంచిది."

"హార్మోనియానికి ఊపిరితిత్తులేందన్నా? సేత్తో గదా వాయించేది!"

ఇంట్లో దేవకమ్మ ఇంకా గట్టిగా దులిపేసింది. ఎందుకంటే మూడు పూటలా పెరుగన్నం తినే మనిషి గోవిందు. ఆయన ఆ రోజునుంచే తానూ పెరుగు మానేసి, చెనక్కాయ పాలతో పెరుగు చేస్తానని కూర్చున్నాడు. పచ్చిమిరప తొడిమలు వేసి తోడు పెడితే అది మూడు రోజులకు కూడా తోడుకోలేదు. నాలుగో రోజు పిల్లి వచ్చి వాసన చూసి, గోవిందు మొహం చూసి, వెనక్కి పోయింది.

ఊరంతా నవ్వుకుంది. కోమలి మాత్రం లోలోపల దండం పెట్టుకుంది. ఎవరి పిచ్చి ఎవరికి కలిసొస్తుందో ఎవరు చెప్పగలరు!

పున్నమినాడు పొద్దుగూకగానే అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. రాగిసంకటి, అనపగింజల పులుసు, వంకాయ కూర, చెనక్కాయల చట్నీ, కొబ్బరిపాల పాయసం. తిట్టుకుంటూ మొదలుపెట్టిన గంగులమ్మ మూడోసారి సంకటి పెట్టించుకుంది. పెరుగు బకెట్టు రాదన్న ధీమాతో కోమలి చివరి మెతుకు దాకా కూర్చుంది. అందరితోపాటు ఆకు మడిచింది. ఏడాది తర్వాత ఆమె పదిమంది మధ్య పూర్తిగా తిన్న మొదటి తిండి అదే. కడుపు కంటే ముందు మనసు నిండింది.

చేతులు కడుక్కొచ్చాక నూర్ అహ్మద్ హార్మోనియం అందుకున్నాడు. అలవాటుగా అందరూ ఇంజన్ స్టార్ట్ చేశారు. ఆ గుర్రు మధ్యలోంచి కోమలి గొంతు సన్నగా పైకి లేచి, రాగమై, పాత భజన పాటై నిలబడింది. మిగతావాళ్ళ ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పాట చివరిదాకా సాగింది. గంగులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ గుర్రుమనినావా తల్లీ!" అంది.

గోవిందు మాత్రం కనబడలేదు. ఆయనకు దండం పెడదామని కోమలి షెడ్డు వెనక్కి వెళ్ళింది. గోడ మలుపులో ఆగిపోయింది.

బోర్లించిన గంప మీద గోవిందు కూర్చున్నాడు. ఒళ్ళో గిన్నె. గిన్నెలో పెరుగన్నం. ఎదురుగా పెరుగు ముంత చేత్తో పట్టుకుని దేవకమ్మ.

"ఊరికంతా వద్దని చెప్పి, ఈడ దొంగతిండి తింటాండావే! సిగ్గులేదా?"

"మెల్లగా మాట్లాడే. నెల దినాలు ఆపుకున్నా. ఇంక నా వల్ల గాలా."

"ఎవురాపుకోమన్నారంట?"

"గంగులమ్మ ఇంటి పెండ్లిలో ఆ బిడ్డ పెరుగు సూసి లేసిపాయ. నేను ఎదురు వరసలో ఉండా. పొగరంట, పొగరు! స్టాపు రాకముందే దిగిపోయేవాళ్ళని ముప్ఫై ఒక్క ఏడాది సూసినా. కోపమొచ్చి దిగేవాళ్ళ మొగం వేరే, కడుపులో తిప్పి దిగేవాళ్ళ మొగం వేరే. ఆ పొద్దు రోడ్డుమీద పాలు నేనూ సూసినా గదా."

దేవకమ్మ గొంతు తగ్గింది. "ఆ బిడ్డకొక్కదానికే పెరుగు లేకుండా పెట్టుండొచ్చు గదయ్యా."

"అట్ల పెడితే, నీకొక్కదానికే పెరుగెందుకు లేదని అందరూ ఆ బిడ్డనే అడుగుతారు. ఎవురికీ పెట్టకపోతే నన్ను పిచ్చోడంటారు. అది నాకేమన్నా కొత్తా?"

కోమలి మలుపు దాటి ముందుకొచ్చింది. ఆమెను చూడగానే గోవిందు గిన్నె వెనక్కి దాచబోయాడు. ఈల పోయి పెరుగులో మునిగింది.

"అది... ఏం లేదమ్మా... చెనక్కాయ పెరుగు. ఈసారి తోడుకునింది."

కోమలి దేవకమ్మ చేతిలోని ముంత అందుకుంది. వాసన తగిలింది. ఊపిరి బిగబట్టింది. తర్వాత మెల్లగా, సన్నగా గుర్రుమంటూ వదిలింది. ముంత వంచి ఆయన గిన్నెలో పోసింది. గోవిందు ఆమె మొహంకేసే చూస్తూ ఉండిపోయాడు. గిన్నె నిండింది, పొర్లింది, పంచె తడిసింది.

"హోల్డాన్ అనవేంది చిన్నాయనా!" అంటూ కోమలి పకపకా నవ్వింది.

గోవిందు ఉలిక్కిపడి, ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. పెరుగు చిమ్మి దేవకమ్మ ముక్కు మీద పడింది గానీ ఈల మోగలేదు.

ఆయన బదులు కోమలే అనింది.

"రైట్ రైట్!"