కచ్చా కుట్టు మ్యాక్సీ

నా చిన్నప్పుడు, డెబ్బైల చివర్లో, బొంబాయి నుంచి వచ్చే ఏ కొత్త మోజైనా హైదరాబాద్ చేరేముందు మా జహీరాబాద్‌లో దిగి చాయ్ తాగి వెళ్తుందని మాకు గొప్ప నమ్మకం. రోడ్డు మీద ఆగే బస్సుల్లోంచి దిగే ఆడవాళ్ళ బట్టలు చూసి, మేం ఏం కుట్టించుకోవాలో సాయంత్రానికల్లా తేల్చేసుకునేవాళ్ళం. అలా ఒక ఎండాకాలం మ్యాక్సీ దిగింది. పాదాల దాకా జారే పొడుగు గౌను. నెల తిరగకముందే మా వాడలో ఆడపిల్లలందరికీ వచ్చేసింది, నాకు తప్ప.

మా నాన్న దాన్ని వేలంవెర్రి అన్నాడు. నాయనమ్మ మూన్నాళ్ళ ముచ్చట అంది. మూన్నాళ్ళదైతే ఆ మూడు రోజుల్లోనే వేసుకోవాలి కదా అని నా వాదన. పైగా కోహీర్‌లో మా మేనత్త కూతురి పెళ్ళి వారం రోజుల్లో ఉంది. అక్కడికి పాత లంగా జాకెట్టుతో వెళ్ళడమంటే నాకు ప్రాణం పోయినట్టే ఉంది.

అమ్మ అప్పుడు పురిటికి తల్లిగారింట్లో ఉంది. ఆమె పెట్టెలో ఆకుపచ్చ పట్టుచీర ఒకటి ఉండేది. పుట్టబోయే బిడ్డను తొట్లెలో వేసేనాడు కట్టుకోవాలని కొని, ఒక్కసారైనా కట్టకుండా దాచుకున్నది. నేను దాన్ని బడి సంచిలో కుక్కుకొని, వెనక వాడలో బట్టలు కుట్టే ఆవిడ ఇంటికి పరిగెత్తాను. పిల్లలమంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. అమ్మే ఇమ్మందని అబద్ధమాడాను. ఖాలా చీర మడత విప్పి చూసింది, నా ముఖం చూసింది, "రేపు రా బిడ్డా" అంది.

మర్నాడు వెళ్తే మళ్ళీ రేపే. నాకేమో కాలు ఒకచోట నిలవదు. అన్నం ముద్ద నోట్లో ఉండగానే గడప దాటేదాన్ని. పొద్దున రెండుసార్లు, ఎండలో ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఇంకోసారి. ఎప్పుడు చూసినా చీర మిషను పక్కనే, మడత చెదరకుండా ఉండేది. ఒళ్ళు మండిపోయేది.

నాలుగోనాడు కూర మాడుతోందని ఖాలా లోపలికి వెళ్ళింది. పెద్ద కత్తెర అక్కడే ఉంది. నేను మొదలుపెడితే ఆమె పూర్తి చేయక తప్పదనుకున్నాను. చీర అంచును కత్తెర మధ్యకు తెచ్చాను. అంతలో ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మను అడిగినవా?"

తల అడ్డంగా ఊపాను. ఏడుపొచ్చింది. తప్పు చేశానని కాదు, మ్యాక్సీ పోయిందని.

ఖాలా తిట్టలేదు. ఒక మూట నా ముందు విప్పింది. కుక్కచెవుల కాలర్ల చొక్కాలు, ఊపిరాడని కుర్తాలు, వీధులూడ్చే బెల్‌బాటం ప్యాంట్లు, అన్నీ మార్చి కుట్టమని ఇచ్చినవే. బ్లేడు చేతికిచ్చి కుట్లు విప్పమంది.

"గీ కుర్తా కోసం మా చెల్లె బిడ్డ పోయిన రంజాన్‌కు ఎంత ఏడ్చిందో! అప్పుడు గదే హవా. ఇప్పుడు తొడుక్కోమంటే మొఖం తిప్పుకుంటది" అని నవ్వింది. "షోకు తప్పు గాదు బిడ్డా. గానీ కుట్టు తప్పితే ఇప్పుకోవచ్చు, కోసిన చీరను నేనేం జేయాలె? దీని మీది జాకెట్టు నేనే కుట్టిన. మీ అమ్మ తొట్లెనాడు ఏం కట్టుకోవాలె?"

నాలుగు రోజులుగా ఆ చీరనే చూస్తున్నాను. అందులో అమ్మ నాకు ఒక్కసారీ కనపడలేదు. సిగ్గుతో తల వంచుకొని సాయంత్రం దాకా కుట్లు విప్పాను.

పెళ్ళికి ముందురోజు ఖాలా పిలిపించింది. పాత గుడ్డతో లోపలికి బాడీ కుట్టి, చీరను ఎక్కడా కొయ్యకుండా దాని చుట్టూ కుచ్చులు పోసి, సన్నని సూదితో కచ్చా కుట్టు వేసింది. దర్జీలు కొలత చూడటానికి పొడుగు పొడుగుగా వేసి, తర్వాత లాగేసే కుట్టు అది. చీర వెడల్పు నాకు చంకల నుంచి పాదాల దాకా సరిగ్గా సరిపోయింది. "ఉరకకు, జర నిమ్మలంగ కూసో" అని మరీ మరీ చెప్పింది. నాన్నకూ నాయనమ్మకూ ఏం చెప్పి ఒప్పించిందో తెలియదు, వాళ్ళు నన్నేమీ అనలేదు.

కోహీర్‌లో అందరూ మెచ్చుకున్నారు. కాని ఒక్కచోట నిలవలేని నేను ఆ రోజంతా పెళ్ళికూతురి కంటే బుద్ధిగా కూర్చున్నాను. మధ్యాహ్నానికే ఒక కుట్టు తెగింది. పిల్లలు పందిట్లో పరుగులు పెడుతుంటే నేను నడుం దగ్గర పట్టుకొని గోడకు ఆనుకున్నాను. ఎప్పుడు ఇంటికి పోదామా అనిపించింది. మర్నాడు ఖాలా ఎదుట కూర్చొని నేనే దారం లాగేశాను. మ్యాక్సీ పోయి చీర మిగిలింది.

తొట్లెనాడు అమ్మ ఆ చీరే కట్టుకుంది. తమ్ముణ్ణి ఎత్తుకొని పైట సర్దుకుంటుంటే అంచు వెంట సూది బెజ్జాల వరుస కంటపడింది. వేలితో తడిమింది. నేను ఉండబట్టలేక అంతా చెప్పేశాను. అమ్మ, "మంచిగ కనపడ్డవా అండ్ల?" అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత ఎన్నో హవాలు వచ్చి పోయాయి. అరవై దాటినా వాటి వెంట పడుతూనే ఉంటాను, నా కాలు ఇప్పటికీ నిలవదు. కాని కత్తెర పట్టే ముందు, ఈ చీర ఎవరిదని నన్ను నేనే ఒక్కసారి అడుగుతాను. అమ్మ చీర ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా ఆ బెజ్జాలు పోలేదు.