మెట్ల కింద మూడడుగులు

పత్తికొండలో మా పాత మట్టిమిద్దె దించి కొత్త ఇల్లు కట్టుకోవాలనుకున్నప్పుడు కర్నూలు నుంచి ఆర్కిటెక్టు వచ్చింది. చిన్న వయసు అమ్మాయి. గీత గీయకముందే ఒప్పందం రాసుకోవాలనీ, అందులో మొదటి కాగితం నేనే నింపాలనీ చెప్పింది. స్థలమెంత, ఇంట్లో ఎవరెవరుంటారు, ఆ స్థలంలో ఇరుగుపొరుగుకు హక్కులేమైనా ఉన్నాయా, ఇలాంటివి. ముప్పై ఏళ్ళు లెక్కల పేపర్లు దిద్దినవాణ్ణి, ఖాళీలు పూరించడం నాకొక లెక్కా అనుకున్నాను. టేపు పట్టి ఈ గోడ నుంచి ఆ గోడకు కొలిచి రాశాను. హక్కుల దగ్గర ‘లేవు’ అని పెట్టాను.

ఆ అమ్మాయి పైకి చదువుతుంటే, పక్కనే చింతపండు గింజలు తీస్తున్న అమ్మ చేయి ఆగింది.

"లేవని రాసినావా? మెట్లు ఎవరి జాగాలో ఉండాయిరా?"

"మనదే కదమ్మా."

"నీ మొగం. ఆ మూడడుగులూ పక్కింటి వదినోళ్ళవి. ఆమె మొగుడు జాగా ఇచ్చినాడు, మీ నాయన మెట్లు కట్టించినాడు. రెండిళ్ళోళ్ళూ ఎక్కాలని మాట. ఆమెకు మిద్దెక్కేకి వేరే దావ యాడుండాది?"

స్థలం కాగితాలు నా దగ్గరున్నాయి. స్థలపురాణం అమ్మ దగ్గర ఉండిపోయింది. వామనుడైనా మూడడుగులు అడిగి పుచ్చుకున్నాడు. నేను అడక్కుండానే రాసేసుకున్నాను. అదీ ఆ పక్కింటామె సేమ్యాలు తిని పెరిగినవాణ్ణి. రంజాన్ ముందు ఆమె మా మెట్లెక్కి సేమ్యాలు ఆరబోసేది. నన్ను కాపలా పెడితే కాకుల కంటే నేనే ఎక్కువ తిన్నానని చెప్పేది.

"సార్, మీరు లేవంటే మెట్లు ఇంటి లోపలికి తెచ్చేసేదాన్ని. ఆమెకు దారి పోయేది. ఆమెను కూడా అడుగుదామా?" అంది ఆర్కిటెక్టు.

అమ్మ గోడ మీంచి కేకేసింది. పక్కింటామె వచ్చి కాగితం వైపు అనుమానంగా చూసింది.

"ఏమొదినా, నా జాగా రాయించుకుంటాండారా?"

"నీదేనని రాపిస్తాండాం. మావాడు శానా సదివినాడు గదా, తెలీలేదు."

ఆమె నవ్వలేదు. మెట్లవైపు చెయ్యి చూపించింది.

"రాతకోతలు నాకెందుకప్పా. ఎక్కేకి దావుంటే సాలు. మెట్లు మాత్రం ఇంతింత ఎత్తు పెట్టొద్దు పాపా, మోకాళ్ళు పట్టేస్తాండాయి."

"ఆరంగుళాలు చాలా?"

"ఇంగా తగ్గించు."

నా కొలత కొట్టేసి మూడడుగులు తగ్గించి రాశాను. పక్కింటివాళ్ళకు బయటి మెట్ల మీద దారి ఉంటుందనీ, మెట్టు ఎత్తు ఐదంగుళాలనీ ఆ అమ్మాయే కింద చేర్చింది. ఒక్క గదీ గీయకముందే మా ఇంట్లో ఖాయమైనవి ఆ మెట్లు.

కొత్త మిద్దె మీద నాలుగు ఎండాకాలాలు ఆమె సేమ్యాలు ఆరబోసింది, మధ్యలో ఎక్కడా ఆగకుండా ఎక్కి. ఇప్పుడు అమ్మ లేదు. పక్కింటామె ఆదోనిలో కూతురి దగ్గరుంటోంది. ఆమె కోడలు మాత్రం మిరపకాయల తట్టతో రెండేసి మెట్లు దాటుకుంటూ పైకి పోతుంది. వెనక నేను ఒక్కొక్కటే ఎక్కుతాను. ఐదంగుళాలు కూడా కొంచెం ఎక్కువేనేమో అనిపిస్తోంది.