సౌండ్ తీసేసిన టీవీలు

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు గోడలు కనపడకుండా కప్పేసిన ఒక సందులో, మెట్ల కింద, టీవీలు బాగుచేసే షాపు ఉండేది. దాన్ని నడిపే మనిషికి యాభై దాటి ఉంటాయి. ఇంట్లో ఉర్దూ, షాపులో తెలుగు మాట్లాడేవాడు. అందరూ అతన్ని భాయ్ అనేవారు. మేమూ అలాగే అనేవాళ్లం.

బాగుచేసిన టీవీని అతను వెంటనే చేతికిచ్చేవాడు కాదు. నాలుగు గంటలు ఆన్‌లో ఉంచి చూసేవాడు. కొన్ని జబ్బులు సెట్టు వేడెక్కితే గాని బయటపడవని చెప్పేవాడు. ఎంత తొందరపెట్టినా ఆ నాలుగు గంటల్లో ఒక్క నిమిషం తగ్గించేవాడు కాదు. అందువల్ల షాపులో ఎప్పుడు చూసినా మూడు నాలుగు టీవీలు వరసగా నడుస్తూ ఉండేవి. ఒకదాంట్లో వార్తలు, ఒకదాంట్లో సీరియల్, ఒకదాంట్లో సినిమావాళ్ల ఫంక్షన్, ఆదివారం సాయంత్రమైతే ఒకదాంట్లో కార్ల రేసు. అన్నిటికీ సౌండ్ పెడితే తల పగిలిపోతుందని అన్నిటికీ తీసేసేవాడు. ఆ లోటు తన నోటితో తీర్చేవాడు.

చేతిలో పని ఆపకుండా, వెనక్కి తిరగకుండా, ఒక తెర మీది బొమ్మకు ఇంకో తెరను కలిపి చెప్పేవాడు. వార్తల్లో నాయకుడు చెయ్యి ఊపితే పక్క సెట్టులో కార్లు బయల్దేరేవి. "సార్ జెండా ఊపిండు, ఇగ ఎవరూ ఆగరు" అనేవాడు. సీరియల్లో అత్తగారి ముఖం కదలకపోతే, "గామె అర్ధగంట సంది గట్లనే చూస్తుంది, కరెంటు పోయినా చూపు పోదు" అనేవాడు. కోర్సులు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు క్లాసుకూ క్లాసుకూ మధ్య గుమ్మం దగ్గర నిలబడి విని నవ్వుకుని వెళ్లేవారు. అది ఎన్నికల వేసవి. అతనికి చెప్పడానికి కావలసినంత ఉండేది.

నేను లక్డీకాపూల్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ని. మధురానగర్‌లో అక్కా నేనూ ఒక పోర్షన్‌లో ఉండేవాళ్లం. గుంటూరు వైపు నుంచి వచ్చి అప్పటికి పాతికేళ్లు. అక్క బడిలో లెక్కలు చెప్పేది. ఇద్దరమూ పెళ్లి చేసుకోలేదు. ఆ వేసవి మా టీవీ చెడిపోయింది. పార్టు దొరకలేదని నెల రోజులు భాయ్ దగ్గరే ఉంది.

అక్కకు టీవీలో నచ్చేది కార్ల రేసు ఒక్కటే. ఈ మాట చెబితే బడిలో ఎవరూ నమ్మేవారు కాదు. ఏభై మూడేళ్ల మనిషి, ఆదివారం చర్చిలో ఆరాధనకు వెళ్లొచ్చిన తెల్లచీరలోనే కూర్చుని, వాడకుండా మిగిలిన హాజరు పట్టీలో ఏ కారు ఏ చుట్టు ఎన్ని సెకన్లలో తిరిగిందో ఎర్ర ఇంకుతో రాసుకునేది. ఎందుకని ఒకసారి అడిగాను. "టీవీలో చెప్పిన టైముకి మొదలయ్యేది ఇదొక్కటేరా" అంది. వార్తలు ఆలస్యం, నాయకులు ఆలస్యం, రేసు మాత్రం ఐదున్నర అంటే ఐదున్నరే.

ఆ నెలలో రెండు రేసులు అక్క భాయ్ షాపులోనే చూసింది. స్టూలు మీద కూర్చుని పట్టీ ఒళ్లో పెట్టుకునేది. అతని కామెంటరీకి అడ్డు తగిలేది. ఎర్రకారు అందరికంటే ముందుందని అతను సంబరపడితే, "భాయ్ గారూ, అది ఒక చుట్టు వెనకబడింది. అందుకే ముందున్నట్టు కనపడుతోంది" అనేది. ప్రమాదం జరిగినప్పుడు ఒక కారు ముందుకొచ్చి మిగతావన్నీ దాని వెనక నెమ్మదిగా నడుస్తాయి కదా, దాన్ని సేఫ్టీ కారంటారని అతనికి చెప్పింది ఆవిడే. అతను ఆ మాట పట్టుకుని నాయకుల కాన్వాయ్‌లకు వాడటం మొదలుపెట్టాడు. అతని లెక్కలు తప్పని అక్క, ఆవిడవి మజా లేని ఉట్టి లెక్కలేనని అతను. వచ్చిన రెండు ఆదివారాలూ అక్క పంజాగుట్ట బేకరీ నుంచి బిస్కెట్లు రెండు ప్యాకెట్లు తెచ్చింది. ఒకటి షాపులో ముగ్గురికీ, ఒకటి అతని ఇంటికి.

మూడో ఆదివారం పార్టు వచ్చింది. నాలుగింటికి మా సెట్టు ప్లగ్గు పెట్టాడు. అక్క ఎర్రమంజిల్ వైపు ఎవరో జబ్బుపడితే మోపెడ్ మీద ప్రార్థనకు వెళ్లింది. ఐదు దాటాక నేను ఫోన్ చేశాను. టీవీ ఎనిమిదింటికి గాని ఇవ్వడట, రేసు ఇక్కడే చూద్దువుగాని రమ్మన్నాను. భాయ్ చెయ్యి చాపాడు. ఫోన్ అతనికిచ్చాను.

"టీచరమ్మా, కార్లు లైన్ల నిలబడ్డయ్. ఇగ షురూ అయితది. జర జల్ది రాండ్రి" అన్నాడు.

అప్పటికి కార్లేవీ నిలబడలేదు. తెర మీద ప్రకటనలు వస్తున్నాయి. అక్క ఏమందో నాకు వినపడలేదు. అతను నవ్వుతూ ఫోన్ తిరిగిచ్చాడు.

రేసు మొదలైంది. అక్క రాలేదు. ప్రార్థన పొడిగించి ఉంటారనుకున్నాను. టీచరమ్మ గ్యారేజీలో ఆగింది, టైర్లు మారుస్తున్నరేమో అని భాయ్ అన్నాడు. ఆరు దాటింది. మా సెట్టులో వార్తలు వస్తున్నాయి. పంజాగుట్టలో ఒక నాయకుడి కాన్వాయ్ ఇరుక్కుపోయింది. జెండాలు కట్టిన కార్లు, వాటి మధ్య బస్సులు, విజిల్ ఊదుతున్న పోలీసు. తర్వాత పక్కకు ఆపిన నీళ్ల ట్యాంకర్. జనం వీపులు. ఆ వీపుల ముందు, రోడ్డు మీద, పగిలిన అట్టపెట్టె, చెల్లాచెదురుగా గుండ్రటి బిస్కెట్లు.

"సేఫ్టీ కారొచ్చింది" అన్నాడు భాయ్. "సారు వెనకాల నిలబడ్డడు. గిక్కడ ఎవరిదో చాయ్ పార్టీ రోడ్డు మీద..."

నేను నవ్వాను. గుమ్మం దగ్గర ఇద్దరు పిల్లలు కూడా నవ్వారు.

అతను వాక్యం పూర్తి చెయ్యలేదు. అతను మధ్యలో ఆపడం నేను అంతకుముందు చూడలేదు. లేచి మా సెట్టు ప్లగ్గు పీకేశాడు.

"మళ్లీ పోయిందా భాయ్?" అన్నాను.

"భాయ్ సాబ్, టీచరమ్మకు ఒకసారి ఫోన్ కొట్టు."

కొట్టాను. ఎవరో మగమనిషి ఎత్తాడు. హారన్లు వినపడుతున్నాయి. "ఈ ఫోను గిక్కడ కింద దొరికింది సార్, మీరు మేడంకు ఏమైతరు?" అని అడిగాడు.

తమ్ముణ్నని చెప్పాను. అతను ఆసుపత్రి పేరు చెప్పాడు. పక్కన రెండు సెట్లు నడుస్తూనే ఉన్నాయి. కార్లు తిరుగుతున్నాయి.

అక్క అప్పటికే పోయింది. సిగ్నల్ దాటాక ట్యాంకర్ మోపెడ్‌ను వెనక నుంచి కొట్టిందని చెప్పారు. ఆసుపత్రి వరండాలో ఒక టీవీ ఉంది. దాని కింద అక్షరాలు కదులుతూ పోతున్నాయి. నాయకుడి సభ గంట ఆలస్యం. ఒక సినిమా పాటల విడుదల. పంజాగుట్టలో రోడ్డు ప్రమాదం, మహిళ మృతి. మళ్లీ నాయకుడి సభ. నేను ఇరవై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఆ వాక్యంలో దిద్దవలసింది ఏమీ లేదు. దాన్ని ఎన్నిసార్లు చదివానో తెలియదు. ప్రతిసారీ వేరే ఎవరో అనిపించింది.

రాత్రి టీవీ చర్చలో రెండు పార్టీలవాళ్లు కూర్చుని ట్రాఫిక్ ఆగడానికి కారణం మీరంటే మీరన్నారు. వాళ్ల వెనక తెర మీద ఆ బిస్కెట్లు మళ్లీ మళ్లీ చూపించారు. కోపం రాలేదు. సాయంత్రం నేను వాటినే చూసి నవ్వాను.

సమాధి దగ్గరికి భాయ్ వచ్చాడు. మావాళ్లు ఒక్కో గుప్పెడు మట్టి వేశారు. అతను వాళ్ల పద్ధతిలో మూడు గుప్పెళ్లు వేశాడు. చేతులు దులుపుకుని వెనక వరసలోకి వెళ్లాడు. నేను పలకరించలేదు. నా మనసులో ఉన్నది ఒకటే. జల్ది రమ్మన్నది అతను. ఆ ఫోన్ అతని చేతికిచ్చింది నేను. మేమిద్దరం తొందరపెట్టకపోతే అక్క తన మామూలు వేగంతో వచ్చేది. ఆవిడ మోపెడ్‌ను సైకిళ్లు దాటిపోయేవి.

తర్వాత రెండుమూడుసార్లు ఆ సందు మీదుగా వెళ్లాను. షాపులో టీవీలకు సౌండ్ పెట్టి ఉంది. అన్నిటికీ. ఏది ఏం చెబుతోందో తెలియడం లేదు. అతను వంచిన తల ఎత్తకుండా పని చేసుకుంటున్నాడు. కామెంటరీ అడిగిన పిల్లలకు గొంతు బాగాలేదని చెప్పాడట. మా సెట్టు అరమీద గుడ్డ కప్పి ఉంది. నేను లోపలికి వెళ్లలేదు.

ఆసుపత్రివాళ్లు ఇచ్చిన అక్క సంచి నేను తెరవలేదు. జూన్‌లో బడి తెరిచాక బీరువా తాళంచెవి కోసం మనిషిని పంపారు. అప్పుడు తెరవక తప్పలేదు. బైబిలు, కళ్లజోడు పెట్టె, తాళాల గుత్తి, చిన్న పర్సు. పర్సులో బేకరీ చీటీ ఉంది. ఆ నెలలోనే ఆ బేకరీలో కంప్యూటర్ బిల్లు పెట్టారు. బిస్కెట్లకు కూడా కంప్యూటరేనా అని అక్క నవ్వింది అంతకుముందు. చీటీ మీద బిస్కెట్లు, రెండు ప్యాకెట్లు అని ఉంది. కింద తేదీ, టైము. ఐదు గంటల పంతొమ్మిది నిమిషాలు.

నా ఫోన్‌లో చూశాను. నేను చేసిన కాల్ ఐదు గంటల ఆరు నిమిషాలకు.

ఈ చీటీ భాయ్‌కి చూపించాలి. చూపిస్తే ఆ బిస్కెట్లు ఎవరి కోసమో కూడా చెప్పినట్టే. అతను తెర మీద మా మోపెడ్ గుర్తుపట్టి ప్లగ్గు పీకాడని అప్పటిదాకా అనుకుంటున్నాను. తను నవ్వించింది తన ఇంటికి వస్తున్న ప్యాకెట్ మీదనని అతనికి తెలియకపోతే నేను చెప్పడం దేనికి? చీటీ జేబులో పెట్టుకుని బయల్దేరి, మెయిన్ రోడ్డు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి, మళ్లీ నడిచాను.

షాపులో అతనొక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేచి సౌండ్లు ఒక్కొక్కటే తగ్గించాడు. అక్క కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది. నేను నిలబడే ఉన్నాను.

"భాయ్, ఆ రోజు రోడ్డు మీద పడ్డ బిస్కెట్లు" అన్నాను.

"మనయే" అన్నాడు.

నా చెయ్యి జేబులో చీటీ మీదే ఉండిపోయింది.

"నేను బండిని చూడలే భాయ్ సాబ్. బండి ఎక్కడ కనిపించింది? బిస్కెట్లనే చూసిన. మాట నోట్లనే ఉంది, అప్పుడే సమజైంది. గది ఒక దిక్కు. కార్లు నిలబడ్డయని ఝూటా చెప్పిన గదా. గా మాట చెప్పకుంటే నిమ్మళంగ వస్తుండె. రోజూ నమాజుల గదే యాదికొస్తుంది."

అతన్ని బాధపెడుతున్నది ఆ అబద్ధం ఒక్కటేననుకున్నాను. ఆ బిస్కెట్లు ఎవరివో అతనికి ఆ క్షణం నుంచే తెలుసు. తెలిసి ప్లగ్గు పీకి, నన్ను ఫోన్ చెయ్యమని చెప్పి, ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారా అని నా ఎదురుగా నిలబడ్డాడు.

చీటీ తీసి చేతికిచ్చాను. టైము చూడమన్నాను. అద్దాలు పెట్టుకుని చూశాడు. నేను ఫోన్ చేసింది ఐదూ ఆరు నిమిషాలకని చెప్పాను.

"మాట్లాడినంక పదమూడు నిమిషాలా?"

"ఆదివారం కదా, లైను ఉండి ఉంటుంది. నిలబడి కొన్నది."

"కార్లు నిలబడ్డయని చెప్పినా గూడ?"

"రేసు ఐదున్నరకని ఆవిడకు తెలుసు."

"అంటే నా మాట నమ్మలే."

"మీ మాట ఎప్పుడు నమ్మింది భాయ్?"

అతను స్టూలు మీద కూర్చున్నాడు. చీటీ నాకు తిరిగిచ్చి, చదవమన్నాడు. చదివాను. మళ్లీ చదవమన్నాడు. చదివాను. అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. అద్దాలే తుడిచాడు, కళ్లు కాదు.

టీవీ తీసుకుపోతానని చెప్పాను. అతను లేచి గుడ్డ తీసి, సెట్టు దించి బల్ల మీద పెట్టాడు. నేను ఒకవైపు పట్టుకోబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ దినం రెండు గంటలు నడిచినంకనే ప్లగ్గు తీసిన. ఇంక రెండు గంటలున్నయ్. కూసో భాయ్ సాబ్."

ప్లగ్గు పెట్టాడు. అక్క స్టూలు నా వైపు జరిపాడు. కూర్చున్నాను. సెట్టులో ఎవరో మంత్రి ప్రమాణం చేస్తున్నాడు, పెదవులు కదులుతున్నాయి. సౌండ్ లేదు. భాయ్ కూడా ఏమీ అనలేదు. అలా రెండు గంటలూ కూర్చున్నాం.