కడప బండ రంగు పత్రిక

డిగ్రీ చివరి ఏడాదిలో నేను హైదరాబాదులోని ఒక డిజైన్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేశాను. చేశానంటే అక్కడికి వెళ్లి కాదు. కర్నూలులో మా బట్టల అంగడి వెనక సందులో ఒక నెట్ సెంటరుండేది. అందులో కూర్చుని డిజైన్లు చేసి మెయిల్లో పంపేదాన్ని. నాకు పని చెప్పే సారు మొహం ఒక్కసారి కూడా చూడలేదు. ఫోన్లో ముందు ఒక దగ్గు, తర్వాత ఒక గొంతు, అంతే నాకు తెలిసిన సారు.

అప్పటి నెట్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఫైలు ముప్పావు వంతు పోయాక కరెంటు పోయేది, మళ్లీ మొదటికొచ్చేది. అయినా వేడెక్కిన ఆ కంప్యూటర్ల వాసన ఎక్కడైనా తగిలితే చాలు, ప్రాణం లేచొస్తుంది. ఎంత బాగుండేవో ఆ మధ్యాహ్నాలు!

నాయన షరతు ఒకటే. నేను పనికొస్తానని ఆ సారు అంటే హైదరాబాదులో డిజైన్ చదివిస్తాడు. లేదంటే బి.ఇడి. టీచరు పనంటేనే నాకు ఒళ్లుమంట.

చివరి పనిగా సారు ఒక గృహప్రవేశం పత్రిక ఇచ్చాడు. ఇల్లు అనగానే నాకు వాకిలే గుర్తొచ్చింది. మా వీధిలో ప్రతి గడప ముందూ కడప బండే. పొద్దున్నే నీళ్లు చల్లి ముగ్గేస్తే చూపు తిప్పుకోలేం. సరిగ్గా అదే చేశాను. తడి బండ రంగు అట్ట, దానిమీద అమ్మ వేసే తెల్లటి ముగ్గు. అది నలుపని నాకు తట్టనే లేదు. చిన్నప్పుడు దానిమీదే పాకాను, దానిమీదే అచ్చనగాయలాడాను. దానికి రంగొకటి ఉందని ఎవరు చూడొచ్చారు?

సారు ఫోన్ చేశాడు. "శుభకార్యానికి నలుపు వేస్తారామ్మా ఎవరైనా? ఆ ఇంటివాళ్లు నన్ను తిట్టిపోశారు. నీకు ఈ పని అచ్చిరాదు" అని పెట్టేశాడు.

ఏడుస్తూ ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాయన ఆ పత్రిక చూపించమన్నాడు. ప్రింటు తీసిన కాగితం ఇచ్చాను. పెళ్లి బట్టలకొచ్చినవాళ్ల ముందు నల్ల చీర మడత కూడా విప్పని మనిషి ఆయన. దాన్ని చూసి, మడిచి జేబులో పెట్టుకుని అంగడికి పోయాడు. నా చదువు గంగలో కలిసిందనుకున్నాను. బి.ఇడి. పుస్తకం తెచ్చుకుని, కోపమంతా దాని పేజీల మీద చూపించాను.

ఆ నెలలోనే కల్లూరులో మా కొత్త ఇంటి గృహప్రవేశం. ఒక సాయంత్రం నాయన ప్రెస్సు నుంచి పత్రికల కట్ట తెచ్చి నట్టింట్లో విప్పాడు. నా బండ, నా ముగ్గు! నెట్ సెంటర్లో ఫైలు అడిగి తీసుకుని తనే ప్రెస్సుకిచ్చాడట. నాయన పసుపు గిన్నె తెప్పించి, వేలు ముంచి, మొదటి పత్రికకు నాలుగు మూలలా పెట్టాడు. తెల్ల అట్ట మీద పసుపు ఎప్పుడూ మరకలాగే ఉండేది. ఆ నలుపు మీద దీపం పెట్టినట్టుంది.

మొదటిది అహోబిలం స్వామికని పక్కన పెట్టాడు. రెండోదానికీ పసుపు పెట్టి నా చేతికిచ్చాడు.

"ఇది మీ సారుకు పంపు. నువ్వు ఏ డిజైన్ కాలేజీలో చేరితే బాగుంటాదో కూడా ఆయన్నే అడుగు."

కళ్లు తుడుచుకుంటూ, ఇప్పుడే మెయిల్ చేస్తానన్నాను.

"మెయిల్లో పసుపు యాడ కనపడతాది? పోస్టులో ఎయ్" అన్నాడు.