చేతికి తగలని గోడ

హిందూపురంలో మా ఇంటి గోడలకు పాత సున్నపు గార ఉండేది. ముట్టుకుంటే రాలేది. పొద్దున ఊడ్చి పెనుకొండ ఆఫీసుకు పోతే, సాయంత్రానికి మళ్లీ గోడ పొడుగునా ఇసుక. అమ్మ పక్క మీద ఇసుక, అమ్మ కంచంలో ఇసుక. బస్సులో నిలబడి నిలబడి కాళ్లు పీకుతుండగా ఇంటికొచ్చి, చెప్పులు విడిచీ విడవకముందే చీపురు పట్టుకోవాలంటే నాకు ఏడుపొచ్చేది.

అమ్మకు షుగరుతో చూపు పోయి నాలుగేళ్లయింది. నాన్న పోయాక ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను లేనప్పుడు గోడ పట్టుకుని తన పనులు తనే చూసుకునేది. ధర్మవరంలో ఏళ్ల తరబడి మగ్గం నేసిన మనిషి. మంచినీళ్లు కూడా ఒకరిని అడిగి తాగడం ఆమెకు నామోషీ.

పోయిన వేసవిలో అమ్మను ధర్మవరంలో చిన్నమ్మ దగ్గర దించి, గోడలకు ప్లాస్టరింగు చేయించాను. పాత గారంతా పెళ్లలుగా కొట్టేశారు. కొత్త పూతకు ఆఫీసుకు పోయే ముందు, వచ్చిన తర్వాత నీళ్లు కొట్టడం నా వంతు. భుజాలు పడిపోయాయి. గోడలు ఆరాక మేస్త్రీ పుట్టీ రుద్ది, లేత పసుపు రంగు వేశాడు.

"చెయ్యి పెట్టి చూడక్కా, అద్దం మాదిరి జారతాండాది" అన్నాడు.

నిజంగానే జారింది. ఇక చీపురుతో పని లేదని ఎంత సంబరపడ్డానో.

అమ్మ తిరిగొచ్చి గోడను అరచేత్తో నిమిరి, "బాగుండాది పాపా" అంది. అంతే. ఇంత కష్టపడితే ఇంతేనా అని నాకు కొంచెం బాధేసింది.

ఆ తర్వాత రోజూ నేను వచ్చేసరికి, పొద్దున ఎలా కూర్చోబెట్టి వెళ్లానో అలాగే మంచం మీద ఉండేది. చెంబులో నీళ్లు పెట్టినవి పెట్టినట్టే. అడిగితే దప్పిక లేదనేది. ఒకరోజు విసుక్కున్నాను కూడా, ఇల్లు బాగుచేస్తే మొహం ముడుచుకుంటావేమని.

ఆ మర్నాడు వచ్చేసరికి పక్క తడిసి ఉంది. దుప్పటి మార్చాను. అమ్మ గోడవైపు తిరిగి మెల్లగా చెప్పింది.

"బాత్రూము యాడుండాదో దొరకలేదు పాపా. మంచం దాటితే ముందు పగులు తగిలేది. ఆ తర్వాత మేకు బొక్క. ఆ పక్కన మీ నాయన పూసిన గరుకు. అది తగిలితే తలుపు వచ్చినట్టే. ఇప్పుడు ఏమీ తగల్లేదు. రెండు తూర్లు వంటింట్లోకి పోయినా. అందుకే నీళ్లు తాగేది మానుకున్నా."

నాకు సిగ్గేసింది. నాలుగేళ్లూ ఆ గోడలో నేను రాలిన ఇసుక తప్ప ఇంకేమీ చూడలేదు.

మేస్త్రీని మళ్లీ పిలిపించాను. మంచం నుంచి బాత్రూము దాకా జానెడు వెడల్పున పుట్టీ గీకి గరుకు పూత వేయమన్నాను.

"ఇంత బాగా వచ్చినదాన్ని చెడగొట్టమంటావేమక్కా?" అని చిన్నబుచ్చుకున్నాడు.

సంగతి చెప్పాను. అతను గరిటె కింద పెట్టాడు. తర్వాత మంచం దగ్గరికి పోయి, కళ్లు మూసుకుని, గోడ మీద చెయ్యి పెట్టి నడిచాడు. తిన్నగా వంటింట్లోకి పోయాడు. బయటికొచ్చి గీకడం మొదలుపెట్టాడు. అమ్మ నడుమెత్తున ముతక ఇసుక పూత వేసి, బాత్రూము తలుపు పక్కన పిడికిలంత బుడిపె పెట్టాడు. పైన రంగు వేస్తానంటే అమ్మే వద్దంది.

పసుపు గోడ మీద బూడిదరంగు పట్టీ. చూడడానికి బాగుండదు. వచ్చినవాళ్లంతా అదేమిటని అడుగుతారు. ప్రతివాళ్లకూ చెప్పే ఓపిక నాకు లేదు.

అమ్మ చెయ్యి రోజూ దాని మీద తిరుగుతుంది కాబట్టి మళ్లీ ఇసుక రాలుతోంది. సాయంత్రం చెప్పులు విడిచి, అలసిన కాళ్లతోనే చీపురు పట్టుకుంటాను. ఊడ్చే ముందు ఒకసారి వంగి చూస్తాను. ఇసుక బాత్రూము దాకా రాలి ఉంటే, ఆ రోజు అమ్మ నీళ్లు తాగిందన్నమాట.